తెర నల్లగా ఉంటే మానిటర్ పోయినట్టేనా?

(అమలాపురంలో డిప్లొమా విద్యార్థులు, నెట్ సెంటర్లు నడిపేవారు వచ్చిన సభలో ఒక హార్డ్‌వేర్ మెకానిక్ చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారమండి. ముందు వరసల్లో డిప్లొమా పిల్లలు ఉన్నారు. వెనక నెట్ సెంటర్లు, జెరాక్సు షాపులు నడిపేవాళ్లు కూర్చున్నారు. సచివాలయాల్లో కంప్యూటర్ మీద పనిచేసే అమ్మాయిలూ కొందరు వచ్చారు. మీ అందరికీ పనికొచ్చే సంగతి ఒక్కటే పట్టుకుని మాట్లాడతాను. నిన్నటిదాకా శుభ్రంగా పనిచేసిన మానిటర్‌ని ఇవాళ కంప్యూటర్ గుర్తుపట్టట్లేదు. అప్పుడు ఏం చెయ్యాలి?

ఇలాంటప్పుడు మన దగ్గర ఏం జరుగుతుందో రోజూ చూస్తున్నాను. తెర నల్లగా ఉంటే చాలు, "మానిటర్ పోయిందండి" అనేస్తారు. మర్నాడే కొత్తది కొనేస్తారు. పాతది అటకెక్కుతుంది, లేదంటే పాత సామాన్లవాడికి తూకానికి పోతుంది. తీరా కొత్తది తెచ్చి తగిలిస్తే అదీ వెలగదు! అప్పుడు షాపుకొస్తారు. పిల్లల చదువు కోసం అప్పుచేసి కంప్యూటర్ కొన్న ఇళ్లు మన లంకల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో అన్నేసి వేలు ఉత్తపుణ్యాన పోతుంటే నాకు కడుపు తరుక్కుపోతుందండి. ఇవాళ నేనిక్కడికి వచ్చింది అందుకే.

శివారు చేలకి నీళ్లందకపోతే రైతు చేలో నిలబడి తల పట్టుకోడు కదా. బోదె గట్టు పట్టుకుని పైకి నడుస్తాడు. పంటకాలువ దాకా, తూము దాకా వెళ్లి, నీళ్లు ఎంతవరకు వస్తున్నాయో, ఎక్కడ ఆగిపోయాయో చూసుకుంటాడు. మనం చెయ్యాల్సిందీ అదే. కరెంటు ఎక్కడిదాకా వచ్చింది, సిగ్నల్ ఎక్కడిదాకా వచ్చింది, ఎక్కడ తెగింది? ఇది తేలకుండా జేబులో చెయ్యి పెట్టకండి.

మొట్టమొదట మానిటర్‌ని ఒక్కదాన్నే పరీక్ష చెయ్యండి. వెనకున్న వీడియో కేబుల్ పీకేసి, కరెంటు వైరు మాత్రం ఉంచి, బటన్ నొక్కండి. చాలా మానిటర్లు అప్పుడు వాటంతటవే తెర మీద ఒక చిన్న పెట్టె చూపిస్తాయి. నో సిగ్నల్ అనో, చెక్ సిగ్నల్ కేబుల్ అనో అందులో రాసుంటుంది. ఆ అక్షరాలు రాసేది కంప్యూటర్ కాదండి, మానిటర్ లోపలున్న బోర్డు. అవి కనిపించాయంటే పవర్ సప్లై పనిచేస్తోంది, తెర వెనక లైటు వెలుగుతోంది, ప్యానెల్ బాగుంది. మానిటర్‌లో ఖరీదైనవన్నీ క్షేమంగా ఉన్నట్టే. ఆ పెట్టె రెండు క్షణాలు కనిపించి మాయమైపోయి, మానిటర్ నిద్రలోకి పోతుంది. అందుకే చాలామంది దాన్ని చూడనే చూడరు. బటన్ నొక్కి అక్కడే నిలబడి, కళ్లార్పకుండా చూడండి.

ఇప్పుడు రెండింటి ప్లగ్గులూ తీసి, కేబుల్ మళ్లీ తగిలించి, కరెంటు ఇచ్చి, కంప్యూటర్ కూడా ఆన్ చేసి అదే పని చెయ్యండి. కేబుల్ లేనప్పుడు ఏం రాసింది, పెట్టాక ఏం రాస్తోంది? చాలా మోడళ్లలో ఈ రెండు మాటలూ వేరువేరుగా ఉంటాయి. కేబుల్ గట్టిగా పెట్టాక కూడా "కేబుల్ లేదు" అనే చెబుతోందంటే, కేబులో సాకెట్టో తేడా చేసింది. "కేబుల్ లేదు" కాస్తా "సిగ్నల్ లేదు"గా మారిందంటే, కేబుల్ సంగతి మానిటర్‌కి తెలిసింది, కంప్యూటర్ బొమ్మ పంపట్లేదు. ఒక్క మాట మారడంతో సగం వెతుకులాట తీరిపోయింది చూడండి.

దీంతోపాటే ఇన్‌పుట్ చూసుకోండి. మానిటర్‌కి వీజీఏ, ఎచ్‌డీఎంఐ అనే రెండు రకాల వీడియో సాకెట్లూ ఉంటే, ఏది చూడమని మెనూలో పెట్టుందో దాన్నే చూస్తుంది. ఇల్లు తుడిచేటప్పుడు బటన్ నొక్కుకుపోయి ఇన్‌పుట్ మారిపోయిన మానిటర్లు బోలెడన్ని వస్తుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

అసలు లైటే వెలగకపోతే? గోడ సాకెట్ మార్చండి. సీపీయూకి పెట్టే పవర్ కేబులే చాలా మానిటర్లకి సరిపోతుంది, అటుదిటు మార్చి చూడండి. బయట అడాప్టర్ ఉన్న మానిటర్ అయితే మాత్రం దొరికిన అడాప్టర్ దూర్చకండి. కొన్ని 12 వోల్టులవి, కొన్ని 19 వోల్టులవి. బటన్ దగ్గర లైటు వెలుగుతూ తెర నల్లగా ఉంటే గది చీకటి చేసి, సెల్‌ఫోన్ టార్చి తెరకి ఏటవాలుగా పట్టి చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే వెనక లైటు పోయినట్టు. కంప్యూటర్ ఆ మానిటర్‌ని గుర్తుపడుతూనే ఉంది, దానిది వేరే వైద్యం. మానిటర్ విప్పడం మాత్రం మీరు చెయ్యొద్దు. పవర్ బోర్డు మీద పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా నిలవ ఉంటుంది. వైరు తీసేసిన తర్వాత కూడా కొంతసేపు ఉంటుంది. పిల్లలూ, ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ఇక ఇవాళ్టి సంగతిలో నాకు బాగా ఇష్టమైన చోటికి వచ్చాను. గుర్తుపట్టడం అంటే లోపల ఏం జరుగుతుంది?

ఇదిగో, ఈ ఎచ్‌డీఎంఐ కేబుల్ మూతి చూడండి. ముందు వరస బాబూ, దగ్గరికొచ్చి చూడు. ఇందులో 19 పిన్నులున్నాయి. బొమ్మని మోసుకెళ్లేవి మొదటి పన్నెండు. మిగతావాటిలో నాలుగింటి మీదే మన కథంతా నడుస్తుంది. పద్దెనిమిదో పిన్ను మీద కంప్యూటర్ 5 వోల్టులు పంపిస్తుంది. అది అందగానే పంతొమ్మిదో పిన్ను మీద మానిటర్ వోల్టేజీ పైకి లేపి, "ఉన్నాను" అని చెబుతుంది. దీన్ని హాట్ ప్లగ్ అంటారు. అప్పుడు కంప్యూటర్ పదిహేను, పదహారు పిన్నుల మీదుగా మానిటర్‌లో ఉన్న ఒక చిన్న మెమరీని చదువుతుంది. ఆ మెమరీలో ఉన్నదాన్ని ఈడీఐడీ అంటారు. అసలు భాగం 128 బైట్లు. తయారీదారు పేరుకి మూడక్షరాల సంకేతం, తయారైన సంవత్సరం, తెర ఎన్ని సెంటీమీటర్లు, ఏ రిజల్యూషన్లు (అడ్డంగా, నిలువుగా ఎన్ని చుక్కలు) ఆడతాయి, ఇవన్నీ అందులోనే. మొదటి ఎనిమిది బైట్లు ఎప్పుడూ ఒకే వరస: ముందు సున్నా, తర్వాత ఆరుసార్లు 255, మళ్లీ సున్నా. ఆఖరి బైటు లెక్క సరిచూసుకోవడానికి. 128 బైట్లూ కూడితే వచ్చే మొత్తం 256తో నిశ్శేషంగా భాగించబడాలి. అలా కాకపోతే చదివింది తప్పని కంప్యూటర్‌కి తెలిసిపోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. బొమ్మ మోసే పన్నెండు పిన్నులూ దివ్యంగా ఉన్నాయి. పంతొమ్మిదో పిన్ను ఒక్కటి వంగిందో, దాని మీద చిలుము పట్టిందో అనుకుందాం. మానిటర్ "ఉన్నాను" అన్న మాట కంప్యూటర్‌కి అందదు. కంప్యూటర్ లెక్కలో అక్కడ ఏమీ లేదు. పంపగలిగీ బొమ్మ పంపదు. కంప్యూటర్ మంచిదే, మానిటర్ మంచిదే, తెర మాత్రం నలుపు. రెండు మూడొందల కేబుల్‌తో పోయేదానికి మానిటర్ మార్చేస్తున్నాం!

పాత వీజీఏది ఇంకోరకం. 1987లో వచ్చిన పద్ధతి అది, మన ఆఫీసుల్లో ఇంకా నడుస్తూనే ఉంది. అందులో హాట్ ప్లగ్ పిన్ను లేదు. రంగుల తీగల చివర మానిటర్‌లో 75 ఓమ్‌ల భారం ఉందా లేదా అని గ్రాఫిక్స్ చిప్ చూసుకుంటుంది. ఈడీఐడీ మాత్రం పన్నెండు, పదిహేను పిన్నుల మీద వస్తుంది. ఆ రెండు పిన్నులూ విరిగిన కేబుల్ పెడితే చాలాసార్లు బొమ్మ వచ్చేస్తుంది గానీ, మానిటర్ పేరు తెలియదు. జనరిక్ అని చూపించి, అక్షరాలు సాగదీసినట్టు 1024, 768 రిజల్యూషన్ దగ్గర ఆగిపోతుంది. ఇలా కనిపిస్తే మానిటర్ ముసలిదైపోయిందని అనుకోకండి. కేబుల్ ఊడదీసి పిన్నులు చూడండి. స్క్రూలు బిగించకుండా వదిలేస్తే కేబుల్ బరువుకి మూతి కిందికి వాలి, పై వరస పిన్నులు సరిగ్గా ఆనవు. ఆ రెండు స్క్రూలు అలంకారానికి పెట్టలేదండి.

చిలుము అన్నాను కదా. మన డెల్టాలో దాని సంగతి విడిగా చెప్పుకోవాలి. అంతర్వేది వైపు, ఓడలరేవు వైపు సముద్రపు గాలి ఉప్పుతో వస్తుంది. చెరువుల పక్కన గదుల్లో ఏడాది పొడుగునా చెమ్మే. కనెక్టర్ల మీద బంగారు పూత అతి పలచన. అది అరిగిన చోట రాగి బయటపడుతుంది, చెమ్మ తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. మామూలుగా చూస్తే కనిపించదు. సెల్‌ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి, బాగా తెలుస్తుంది. దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ మెత్తటి బ్రష్షుకి కొద్దిగా తడిచేసి, రెండువైపులా కరెంటు తీసేసి తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి. గరుకు కాగితం పెట్టి గీకేవాళ్లున్నారు, దయచేసి వద్దు. ఉన్న కాస్త పూతా పోయి, వచ్చే వానాకాలానికి మళ్లీ అదే జబ్బు. ర్యామ్ అంచుని రబ్బరుతో రుద్దడం మన మెకానిక్కులందరికీ అలవాటే. మెత్తటి తెల్ల రబ్బరైతే, నెమ్మదిగా రుద్ది పొడి దులిపేస్తే పర్వాలేదు. ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయినా తెర నల్లగానే ఉంటుంది కాబట్టి అదీ చూడాల్సిందే.

దీనికంటే పెద్ద విషయం ఎర్తింగ్. కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటే జిల్లుమంటోందని ఎంతమంది ఇళ్లలో అనుకుంటారు? చేతులెత్తండి... చూశారా, సగం మంది పైనే. ఎస్‌ఎంపీఎస్ అంటే సీపీయూలో కరెంటు సరఫరా చేసే పెట్టె. దాని లోపల కరెంటులో గోల (నాయిస్) తగ్గించడానికి ఫేజుకీ డబ్బాకీ మధ్య ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్‌కీ డబ్బాకీ మధ్య ఇంకొకటి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా మీద దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దగ్గర, తేలుతూ ఉంటుంది. కరెంటు బలం తక్కువ కాబట్టి మనిషికి జిల్లుమనడంతో సరిపోతుంది. ఎచ్‌డీఎంఐ మూతిలో మాత్రం అది వెళ్లేది 5 వోల్టులకి అలవాటుపడ్డ ఆ సన్నపిన్నుల్లోకి. రెండూ ఆన్‌లో ఉండగా కేబుల్ దూరుస్తారు, మూతి పక్కకి వాలినప్పుడు లోపలి పిన్ను ముందుగా తగిలి, చటుక్కున ఆ పిన్నుల వెనకున్న చిప్ పోవచ్చు. ఆ తర్వాత ఎన్ని కేబుళ్లు మార్చినా ఆ పోర్టు మానిటర్‌ని గుర్తుపట్టదు.

కాబట్టి కేబుల్ పెట్టేటప్పుడు రెండింటికీ కరెంటు ఆపేసి, ప్లగ్గులు గోడ నుంచి తీసి, ముందు వీడియో కేబుల్ తగిలించి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వండి. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్లో దూర్చడం మానెయ్యండి. మన దగ్గర కాస్త తవ్వితే నీరు తగిలే నేల. ఇంత తడి నేల ఉన్నచోట మంచి ఎర్త్ రావడం చాలా తేలిక. మీ ఎలక్ట్రీషియన్ని పిలిచి ఉప్పు, బొగ్గు వేసి ఒక ఎర్త్ పిట్ పెట్టించుకోండి. కంప్యూటర్‌కే కాదు, ఇంట్లో మనుషులకీ మంచిది. తుపాను గాలికి వీధి లైనులో న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సిన సాకెట్లో వోల్టేజీ 300 దాటిపోవచ్చు. ఈదురుగాలి మొదలైతే ప్లగ్గులు తీసెయ్యడమే మేలు.

ఇప్పుడు కంప్యూటర్ వైపు వద్దాం. సీపీయూ వెనక చూడండి. యూఎస్‌బీలు, నెట్ వైరు పెట్టే చోటున్న వీడియో పోర్టు మదర్‌బోర్డుది. కింద విడిగా అడ్డంగా ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి. కార్డున్న మెషిన్లో మానిటర్‌ని కార్డుకే పెట్టాలి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే దానిలో గ్రాఫిక్స్ ఉండదు, మదర్‌బోర్డు పోర్టు నుంచి బొమ్మ ఎప్పటికీ రాదు. దుమ్ము దులిపి మళ్లీ తగిలించేటప్పుడు పై పోర్టులో పెట్టేసి, మెషిన్ పాడైందని ఆటో కట్టించుకుని తెచ్చేవాళ్లున్నారు.

బొమ్మ ఎప్పుడు పోతోందో గమనించండి, అది చాలా చెబుతుంది. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే కంపెనీ లోగో కనిపించి, విండోస్ మొదలవుతుండగా పోయిందా? అయితే కేబుల్, పోర్టు చాలావరకు బాగున్నట్టే. గ్రాఫిక్స్‌ని నడిపించే డ్రైవర్ ప్రోగ్రాము మీదో, మానిటర్ తట్టుకోలేని రిఫ్రెష్ రేటు, అంటే సెకనుకి బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క మీదో అనుమానం పెట్టుకోవాలి. సేఫ్ మోడ్‌లో, అంటే విండోస్‌ని అత్యవసరమైనవాటితో మాత్రమే తెరిచి సరిచెయ్యొచ్చు. లోగో కూడా రాలేదా? విండోస్‌ని తిట్టకండి, దాని వంతు ఇంకా రాలేదు.

రెండు మానిటర్లు వాడేవాళ్లకి ఒకటి కనిపించి రెండోది మాయమైతే ముందు విండోస్ కీ పట్టుకుని పి నొక్కండి. అందులో పీసీ స్క్రీన్ ఓన్లీ అని ఉంటే ఎక్స్‌టెండ్‌కి మార్చండి. అయినా రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కండి. గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, తెర ఒక్కసారి మినుకుమంటుంది, చేస్తున్న పని పోదు. తర్వాత సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేకి వెళ్లి, మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద డిటెక్ట్ అన్నది నొక్కండి. డివైస్ మేనేజర్‌లో మీ గ్రాఫిక్స్ పేరు బదులు మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవర్ లేనట్టు, తయారీదారు సైటు నుంచి వేసుకోవాలి. లైనక్స్ నేర్చుకుంటున్న పిల్లలకి ఒక మాట: సిస్ ఫోల్డర్లో, క్లాస్ కింద, డీఆర్ఎం లోపల ప్రతి పోర్టుకీ స్టేటస్ అని ఒక ఫైలుంటుంది. కేబుల్ ఉంటే కనెక్టెడ్, లేకపోతే డిస్‌కనెక్టెడ్ అని అందులో ఉంటుంది. హాట్ ప్లగ్ అందుతోందో లేదో అక్కడే తెలుసుకోవచ్చు.

కన్వర్టర్ల మాట క్లుప్తంగా చెబుతాను. ఎచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది ఆ దిక్కుగానే పనిచేస్తుంది, తిరగేసి పెడితే పనిచెయ్యదు. డిస్‌ప్లే పోర్ట్ నుంచి ఎచ్‌డీఎంఐకి వెళ్లే కేబులూ అంతే. ల్యాప్‌టాప్‌కి టైప్ సీ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ వస్తుందని లేదు, కొన్నిట్లో అది చార్జింగుకీ డేటాకీ మాత్రమే. కొనే ముందు మోడల్ నంబరు చూసుకోండి.

పరీక్షించేటప్పుడు ఒకసారి ఒక్కటే మార్చండి. కేబుల్, పోర్టు, మానిటర్ మూడూ ఒకేసారి మార్చి బొమ్మ వచ్చిందని సంతోషిస్తే, ఏది పాడో తెలియదు. పాడైన కేబుల్ మళ్లీ సొరుగులోకే పోయి రేపు ఇంకొకరిని ఏడిపిస్తుంది. పాడని తేలిన కేబుల్‌ని అప్పుడే మధ్యకి కత్తిరించి పడెయ్యండి. నా షాపులో ఇది కచ్చితమైన నియమం.

ఇక మీరేమైనా అడగండి.

(సభలోంచి ఒక మహిళ: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ రెండో మానిటర్ రావట్లేదండి. కాలేజీ సీట్ల వెబ్ ఆప్షన్ల ఆఖరి రోజున పిల్లలంతా నిలబడి ఉంటే ఇదే జరిగింది.)

మీ బాధ అర్థమైందమ్మా. సీపీయూ ఆపేసినా, వైరు గోడలో ఉన్నంతసేపూ బోర్డుకి 5 వోల్టుల స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. మానిటర్‌దీ అంతే. కరెంటు అటూ ఇటూ ఊగినప్పుడు ఏదో ఒక చిప్ మధ్యలో బిగుసుకుపోతుంది, బటన్‌తో ఆపి వేస్తే వదలదు. రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి తీసెయ్యండి, వీడియో కేబుల్ కూడా తియ్యండి. రెండింటి పవర్ బటన్లూ అరనిమిషం నొక్కి పట్టుకోండి. ఐదు నిమిషాలాగి, కేబుల్ పెట్టి, ముందు మానిటర్, తర్వాత సీపీయూ ఆన్ చెయ్యండి. మాటిమాటికీ వస్తోందంటున్నారు కాబట్టి మానిటర్లని కూడా యూపీఎస్ మీదకి మార్చండి. సీపీయూ ఒక్కటే యూపీఎస్ మీద ఉంచి మానిటర్లని గోడకి పెట్టారు కదూ? ఆ, అదేనమ్మా. యూపీఎస్ సామర్థ్యం రెండు మానిటర్లకి చాలుతుందో లేదో దాని వెనక వాట్లు చూసి లెక్కేసుకోండి.

(ఒక విద్యార్థి: ఈడీఐడీ మెమరీ చెరిగిపోతే మళ్లీ రాయొచ్చా సార్?)

రాయొచ్చు బాబూ. చాలా మానిటర్లలో అది ఎనిమిది కాళ్ల చిన్న ఈఈప్రామ్, అంటే కరెంటుతోనే చెరిపి మళ్లీ రాయగలిగే మెమరీ చిప్. అదే మోడల్ మానిటర్ నుంచి చదివిన ఫైలు ఉంటే ప్రోగ్రామర్ అనే, చిప్‌లో రాసే పరికరంతో ఎక్కించొచ్చు. కానీ ఆ కేసులు బహు అరుదు. వేరే కంప్యూటర్‌కి, వేరే కేబుల్‌తో పెట్టినా ఆ పోర్టు పేరు చెప్పట్లేదని, అదే మానిటర్ రెండో పోర్టు మీద మాత్రం చక్కగా చెబుతోందని తేలాకే అటు వెళ్లు. రెండు పోర్టులున్న మానిటర్లకి సాధారణంగా పోర్టుకొక మెమరీ విడిగా ఉంటుంది.

(ఇంకొకరు: మానిటర్ బదులు టీవీ పెట్టుకున్నామండి. పొడవు కేబుల్ వేశాం. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు.)

ఎన్ని మీటర్లు? పదిహేనా? మామూలు రాగి కేబుల్‌కి అంత దూరం చాలా ఎక్కువండి. బొమ్మే కాదు, ఆ సన్నటి తీగల మీద ఈడీఐడీ చదవడం కూడా తడబడుతుంది. ముందు రెండు మీటర్ల కేబుల్‌తో టీవీ పక్కనే కంప్యూటర్ పెట్టి చూడండి. నిలకడగా వస్తే కేబులే కారణం. అంత దూరం తప్పదంటే ఫైబర్ ఎచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి ఏ చివర కంప్యూటర్‌కి, ఏ చివర టీవీకి అని రాసుంటుంది, తారుమారు చెయ్యకండి.

కేబుళ్లు వెంట తెచ్చుకున్నవాళ్లు ఈ బల్ల దగ్గరికి రండి. ఇక్కడ పనిచేసే మానిటర్ ఒకటి, కంప్యూటర్ ఒకటి సిద్ధంగా ఉన్నాయి. కత్తెర కూడా తెచ్చాను. ఒక్కొక్కటే పెట్టి చూద్దాం.